రబ్బీగారి పొట్టి బల్ల

అడవి అంచున, వాగు మలుపు దగ్గర యూదుల ఆచారం పాటించే జంతువుల సమాజమందిరం ఒకటుండేది. ప్రతి సబ్బాతుకీ, అంటే శుక్రవారం పొద్దు గుంకాక మొదలయ్యే విశ్రాంతి దినానికి, అక్కడ తమ ధర్మగ్రంథం తోరా చదివేవారు. నలభై ఏళ్లపాటు రబ్బీగా, అంటే గురువుగా ఉండి చదివినది తాబేలు మనష్షే. చూపు పోయి ఆయన ఇంటిపట్టున ఉండిపోవడంతో, ఎడారి వైపు నుంచి ఒంటె ఎలియాజరును కొత్త రబ్బీగా పిలిపించారు. ఆయన్ని అందరిలో కలిపే పని ఎద్దు షిమ్యోను మెడ మీద పడింది. కాడి మోసి కాయ కాసిన మెడే గానీ, ఈ బరువు వేరు.

అంతలో షిమ్యోను తమ్ముడు లేవీ పోయాడు. పదేళ్లు ఒకే కాడి కింద నడిచిన అన్నదమ్ములు. తోబుట్టువు పోతే ముప్పై రోజులు కద్దిష్ ప్రార్థన చెప్పాలి. అది ఒంటరిగా చెప్పేది కాదు, కనీసం పదిమంది కూడితేనే చెల్లుతుంది. కొత్త రబ్బీతో కలిపి మందిరానికి వచ్చేది పదమూడుగురు.

చిక్కల్లా చదువు బల్ల దగ్గర వచ్చింది. తాబేలుకి సరిపోయే బల్ల అది. ఒంటె దాని ముందు మోకాళ్ల మీద కూలబడి, మెడ వంచి చదివేవాడు. ఆ మాటలు నేలకే తప్ప ఎవరికీ వినబడేవి కావు.

"వెనక వరసలో ఒక్క ముక్క తెలియలా షిమ్యోనన్నా," అంది నక్క.

"బల్ల పొట్టిది. కాళ్లు కాస్త పొడుగు చేయిద్దాం."

"మనష్షేగారి బల్లకా? ఆయన బతికుండగానే?" నక్క గొంతు పెంచింది. "అది మొదట్నుంచీ అంతేనని మా తాత చెప్పేవాడు. మనం తెచ్చుకోవాల్సింది బల్లకి తగ్గ రబ్బీని. ఆ బల్ల ముట్టుకున్నారా, మా ఇంటిల్లిపాదీ నలుగురం మా బొరియ దగ్గరే ప్రార్థన చేసుకుంటాం."

"నలుగురితో మీకూ కుదరదు గదా."

"కుదరకపోతే మానె."

రబ్బీ లేని మందిరంలో పెత్తనం తనదేనని నక్క ఆశ. షిమ్యోనుకి అది తెలుసు. పదమూడులో నలుగురు పోతే తొమ్మిది. లేవీ కోసం చెప్పాల్సిన రోజులు ఇంకా పన్నెండున్నాయి. షిమ్యోనుకి ఏడుపొచ్చింది.

"పెద్దాయన్నే అడుగుదాం," అన్నాడు.

నక్కకి కావలసిందీ అదే. ఇద్దరూ కలిసి తాబేలు ఇంటికి వెళ్లారు. నక్క వంగి వంగి దండాలు పెట్టింది. "మీ జ్ఞాపకం చెరిపేస్తామంటున్నారు స్వామీ," అని కళ్లు తుడుచుకుంది.

మనష్షే అంతా విని, షిమ్యోను వైపు తల తిప్పాడు. "కొత్తాయన ఎట్టా చదువుతున్నాడు నాయనా?"

"మోకాళ్ల మీదండీ. బల్ల గురించి ఇంతవరకూ నోరెత్తలా."

తాబేలు అటక మీద నుంచి ఒక పాత మూట లాగించాడు. "శుక్రవారం పొద్దు వాలకముందే వస్తాను. నా తీర్పు ఇందులో ఉంది. నేను మోయలేను. నువ్వు మోసుకొస్తావా నక్కా?"

"అంతకంటే భాగ్యమా," అని నక్క మూట భుజానికెత్తుకుంది. షిమ్యోనుకి ఆశ అడుగంటింది.

శుక్రవారం షిమ్యోను తాబేలును వీపున ఎక్కించుకుని వచ్చేసరికి నక్క వాకిట్లో మూటతో నిలబడి ఉంది. "ఇందులో ఏముంటే దానికే కట్టుబడాలి. అందరూ మాటివ్వండి," అంది. అందరూ ఇచ్చారు. అందరికంటే ముందు తనే ఇచ్చింది.

విప్పింది. మూరెడేసి కొయ్య ముక్కలు నాలుగు.

"నాకు ముందు ఇక్కడ చదివినవాడు దుప్పి," అన్నాడు మనష్షే. "ఆయన బల్ల నాకు అందేది కాదు. కాళ్లు కోయిద్దామంటే కోయకూడదని గొడవ పెట్టింది మీ తాతే నక్కా. ఓడిపోయాక, అది మొదట్నుంచీ అంతేనని చెప్పుకు తిరిగిందీ ఆయనే. అప్పటివాళ్లు ఎవరూ మిగల్లేదు, నాకొక్కడికే గుర్తుంది. కోసిన రోజే ముక్కలు దాచాను. నాకంటే పొడుగాయన ఎప్పుడో ఒకప్పుడు రాకపోడు గదా."

నక్క ముక్కలు ఏరి బల్ల దగ్గర పెట్టింది.

పొద్దు గుంకితే సబ్బాతు, ఇక పనిముట్టు తాకకూడదు. వడ్రంగిపిట్ట గబగబా చీలలు కొట్టింది. బల్లను తలకిందులుగా పట్టుకుని కదలకుండా కూర్చున్నది నక్కే. మాటిచ్చింది కదా.

దీపాలు వెలిగాక ఒంటె లోపలికి వచ్చాడు. కనబడకపోయినా అడుగుల చప్పుడు విని, అందరికంటే ముందు లేచి నిలబడ్డది మనష్షే. కొత్త రబ్బీ బల్ల దగ్గరికి చేరేదాకా కూర్చోలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్లంతా లేచారు. ఎలియాజరు మొదటిసారి నిలబడి ప్రార్థన చదివాడు. ఆఖరి వరసకీ వినబడింది.

అప్పుడు షిమ్యోను లేవీ కోసం కద్దిష్ చెప్పాడు. ఆమేన్ అన్న పదమూడు గొంతుల్లో నక్కది కూడా ఉంది.

నీతి: పాతదాన్ని ముట్టనివ్వనని అరిచినవాడు కాదు, రాబోయేవాడి కోసం దాచి ఉంచినవాడే పెద్ద.