సాగదీసిన బెల్టు, నాన్నగారి గొంతు

రామచంద్రపురంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, పేర్రాజు, గవర్రాజు అనే అన్నదమ్ములు తడుముకోకుండా "మా ఇంట్లోనే" అనేవారు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చొక్కా లోపల దాచుకుని ఇంటికొచ్చే ముందుచూపు ఇంకెవరికుంది చెప్పండి! పేర్రాజు భార్య వెంకాయమ్మ వాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. పాలు పొంగిపోకుండా ఉండాలని ఆవిడ పాలగిన్నె పెట్టాక అసలు పొయ్యే వెలిగించేది కాదు.

వాళ్ళమ్మ రవణమ్మ గారికి మాత్రం ఒక బెంగ పట్టుకుంది. ఆవిడ భర్త నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. మద్రాసు వెళ్ళి పద్యాల రికార్డు కూడా ఇచ్చారు. పాపం, నలభయ్యేళ్ళకే పోయారు. రికార్డు భద్రంగానే ఉంది గానీ, దాన్ని వినడానికి ఇంట్లో మిషను లేదు.

"మొహం ఫొటోలో ఉందిరా. గొంతే మర్చిపోతున్నాను. ఒక్కసారి వినిపించండిరా," అందావిడ కళ్ళొత్తుకుంటూ.

అంతే! అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి కాకినాడ వెళ్ళి, పాత సామాన్ల కొట్టు మస్తాన్ గారి దగ్గర రికార్డు ప్లేయరు కొన్నారు.

"పాతకాలం మిషనండి. కుదుపు తగలకుండా తీసుకెళ్ళండి," అన్నారు మస్తాన్ గారు.

బస్సు కుదుపుతుంది. ఆటో కుదుపుతుంది. నడిచినా అడుగు తీసి అడుగు వేస్తే కుదుపే. ఇంకేముంది, మిషన్ని తలగడ మీద పెట్టి చెరోవైపు పట్టుకుని, నేలమీంచి కాలెత్తకుండా ఈడ్చుకుంటూ రామచంద్రపురం దాకా వచ్చారు. ఇల్లు చేరేసరికి చెప్పులకి పట్టీలే మిగిలాయి.

తీరా మీట నొక్కితే పళ్ళెం తిరగలేదు. మస్తాన్ గారికి ఫోను చేశారు.

"లోపల రబ్బరు బెల్టు ఉంటుంది బాబూ, పళ్ళేన్ని తిప్పేది అదే. సాగిపోయుంటుంది. పాతది పట్టుకురండి, చూసి కొత్తదిస్తాను. ఈలోగా ఇరుసులో రెండు చుక్కలు నూనె వెయ్యండి."

"మావగారి మిషనుకి నూనేంటండీ, మర్యాదగా ఉండదు," అంది వెంకాయమ్మ. నెయ్యి వేసింది. నెయ్యికి చీమలొచ్చాయి. చీమలు పోవాలని పసుపు చల్లింది. పసుపు మరకలు పోవాలని చింతపండు పెట్టి తోమింది. కడిగి, మేడ మీద వడియాల పక్కన ఆరబెట్టింది. మిషను తళతళలాడింది గానీ, ఏ మీట దేనికో రాసి ఉన్న అక్షరాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ సమయానికి అన్నదమ్ములు కాకినాడలో బేరంలో ఉన్నారు. మస్తాన్ గారు కొత్త బెల్టు బల్ల మీద పెట్టారు. గవర్రాజు పాతదాన్ని దాని పక్కన పెట్టి చూశాడు.

"అన్నయ్యా, ఇది పొట్టి! మనల్ని మోసం చేస్తున్నారు."

"మీది సాగిపోయింది బాబూ!" అన్నారు మస్తాన్ గారు.

"మేమూ అదే అంటున్నామండి. మాది సాగింది, మీది సాగలేదు. మరి మా మిషనుకి ఎలా సరిపోతుంది?"

అంతే! చెరో కొస పట్టుకుని, కాళ్ళు బల్లకి తన్నిపెట్టి లాగడం మొదలెట్టారు. లాగి లాగి, పాతదానితో ఇంచుమించు సమానం అయ్యాకే వదిలారు. మస్తాన్ గారు నెత్తి పట్టుకున్నారు.

మర్నాడు ఇంటిల్లిపాదీ మిషను చుట్టూ కూర్చున్నారు. ముల్లు ఆనించగానే పళ్ళెం నిండు చూలాలిలా మెల్లగా కదిలింది. లోపల్నించి బరువుగా, సాగుతూ, వణుకుతూ ఒక గొంతు వచ్చింది. పక్కింటి గేదె తలెత్తి చూసింది.

"ఆయనే! ఆ రాగం తియ్యడం ఆయనదే!" అంటూ రవణమ్మ గారు బావురుమంది. ఆ ఏడుపు చూసి అందరికీ గుండె చెరువైంది. కాసేపటికి ఆవిడే కొంగుతో ముక్కు తుడుచుకుని, "అయినా ఇంత బొంగురుపోయిందేంరా?" అంది.

పేర్రాజు వేళ్ళు మడిచాడు. "పోయినప్పుడు నలభయ్యి. పోయి మరో నలభయ్యి. ఎనభయ్యేళ్ళ మనిషి గొంతు ఇంకెలా ఉంటుందమ్మా!"

"పైకెళ్ళినా వయసు ఆగదన్నమాట," అని గవర్రాజు నిట్టూర్చాడు.

ఇంకేముంది, వెంకాయమ్మ మిరియాలూ శొంఠీ దంచి గ్లాసుడు కషాయం కాచింది. చల్లార్చి, తేనె కలిపి, గొంతు వస్తున్న చోట మెల్లగా పోసింది. లోపల బుస్సుమంది. గొంతు ఇంకా కిందికి దిగి, ఒక్క గురక పెట్టి ఆగిపోయింది.

"పడుకున్నారు!" అంది రవణమ్మ గారు సంబరంగా. "కషాయం తాగితే అంతే, ఎప్పుడూ ఇలాగే పడుకునేవారు." మిషను మీద దుప్పటి కప్పి, విసనకర్ర తీసుకుని పక్కనే కూర్చుంది. పేర్రాజు గోడమీది ఫొటోకున్న దండ తీసేశాడు.

అప్పుడే మస్తాన్ గారు మనసొప్పక మరో కొత్త బెల్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "ష్!" అన్నారు నలుగురూ.

ఆయన దుప్పటి ఎత్తి చూసి, తల కొట్టుకుని, "ఆరబెట్టి ఈ బెల్టు వేద్దామండి. పళ్ళెం చకచకా పరిగెడుతుంది. అసలు గొంతు అప్పుడు వింటారు," అన్నారు.

రవణమ్మ గారికి కోపం ముంచుకొచ్చింది. "ఎనభయ్యేళ్ళ మనిషండీ! ఈ వయసులో ఆయన్ని పరిగెత్తిస్తారా?" అని దుప్పటి మళ్ళీ కప్పేసింది.

మస్తాన్ గారు బెల్టు జేబులో వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. వెంకాయమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. మావగారికి ఈపాటికి పళ్ళుండవు కదా, లేవగానే పొయ్యడానికి కుండెడు జావ కాస్తోంది.