మద్దిలేటి పొడి బనియను

ఓబులేశు మాస్టారును ఏదైనా అడగాలంటే బేతంచెర్ల కుర్రాళ్ళు ముందుగా సైకిలు టైర్లలో గాలి చూసుకునేవారు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి ఊళ్ళో కుర్రాళ్ళను సైకిలు పందేలకు తయారుచేస్తున్నాడు. నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని సైకిలెక్కేవాడు, జవాబు దారిలో ఎక్కడో ఉండేది. దొరికినవాడికి దొరికేది. దొరకనివాడు పిక్కలు పట్టుకుని ఇంటికొచ్చి, ఈ జన్మలో ఈయన్ను మళ్ళీ ఏమీ అడగనని ఒట్టు పెట్టుకునేవాడు.

మద్దిలేటి అడిగింది చూడబోతే చిన్న ప్రశ్నే. చెమట పీల్చే బనియను లోపల వేసుకుంటే సైకిలు తొక్కేవాడికి నిజంగా చల్లగా ఉంటుందా, ఉండదా?

ఆ బనియన్ను హైదరాబాదులో పనిచేసే స్నేహితుడు షాషావలి తెచ్చిచ్చాడు. ఒళ్ళంతా సన్నటి కన్నాలు, చేతిలో పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత తేలిక. ఒంటిమీది చెమటను పైకి లాగి ఎప్పటికప్పుడు ఆరబెట్టేస్తుందని, పెద్ద పందేల్లో తొక్కేవాళ్ళు లోపల ఇలాంటివే వేసుకుంటారని షాషావలి చెప్పాడు. మద్దిలేటికి నమ్మాలనే ఉంది. ఆ నమ్మకానికి మాస్టారి ముద్ర కూడా ఒకటి పడితే బాగుండునని వచ్చాడు.

దానికి కారణముంది. కిందటేడు వేసవిలో జిల్లా పందెంలో అందరికంటే ముందు పోతూ పోతూ, ఇంకో రెండూళ్ళు దాటితే గెలుస్తాడనగా, సైకిలు దిగి రోడ్డు పక్కన కూలబడిపోయాడు. బనియను తడిసి వీపుకు అతుక్కుపోయి ఒళ్ళు ఉడికించేసిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గిట్టనివాళ్ళు. ఈసారి పందేనికి ఊరి నుంచి ఒక్క పేరే పంపాలి, ఆ పేరు చెప్పాల్సింది మాస్టారు. వయసును బట్టి మద్దిలేటికి ఇదే ఆఖరి అవకాశం. ఇది కూడా తప్పిపోతే నాపరాళ్ళ పాలిషు మిషను దగ్గర తన పక్కన నిలబడాల్సిందేనని తండ్రి ఖండితంగా చెప్పేశాడు.

ఆ ప్రశ్న కింద ఇంకో లెక్క కూడా దాచుకున్నాడు మద్దిలేటి. ఒళ్ళు చల్లగా ఉంటే దప్పిక వేయదు. దప్పిక వేయకపోతే రెండో నీళ్ళ సీసా అక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక సీసా బరువు తగ్గడమంటే మాటలు కాదు. ఈ ముక్క మాత్రం ఆయనతో అనలేదు.

మాస్టారు బనియన్ను వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందన్నాడు. అది తొడుక్కుని రేపు బనగానపల్లె దారికి రమ్మన్నాడు.

మర్నాడు ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రాళ్ళ ఫ్యాక్టరీలు దాటేదాకా తెల్లటి దుమ్ము, ఆ తర్వాత రెండువైపులా ఎర్రటి బీళ్ళు. మాస్టారు తన పాత బరువు సైకిలు మీద, ముతక ఖాకీ చొక్కా, లోపల నూలు బనియను. నాలుగు మైళ్ళు పోకముందే ఆయన వీపు నల్లగా తడిసిపోయింది. ఆయనకొక అలవాటుంది. వీపుకు అతుక్కున్న బనియన్ను వెనక్కి చెయ్యిపెట్టి లాగి వదిలేవాడు, ఆ వెంటనే సీసా ఎత్తి రెండు గుక్కలు తాగేవాడు. లాగడం, తాగడం. మడుగులోంచి లేచిన గేదెలా ఉన్నాడు పాపం పెద్దాయన అనుకుని మద్దిలేటి లోలోపల నవ్వుకున్నాడు.

తన సంగతి వేరు. షాషావలి అబద్ధం చెప్పలేదు. గాలి బనియనులోంచి దూరి చర్మాన్ని తాకుతుంటే ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టుంది. అతుక్కోవడం లేదు, ఉక్కపోత లేదు. ఇంత సుఖంగా ఎండలో సైకిలు తొక్కవచ్చని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పందెం గెలిచాక ఊళ్ళోకి ఏ వీధిలోంచి రావాలో కూడా ఆలోచించేసుకున్నాడు.

ఎత్తు మొదలయ్యే చోట మాస్టారు ఆగి సీసా చాపాడు.

“వద్దు సార్, దప్పిక లేదు. సూడండి, బనియను పొడిగానే ఉంది.”

మాస్టారు చెయ్యి పెట్టి చూశాడు. పొడిగానే ఉంది. తలూపి, సీసా తనే ఎత్తి తాగి, మళ్ళీ సైకిలెక్కాడు.

ఎత్తు సగం దాకా మద్దిలేటే ముందున్నాడు. అక్కడినుంచి కాళ్ళు మాట వినడం మానేశాయి. కన్నాల బనియనులోంచి ఇందాకటి గాలి కూడా రావడం లేదు, ఎందుకంటే అది సైకిలు వేగంతో వచ్చిన గాలే. నోరు పిడచ కట్టుకుపోయింది. అంత ఎండలోనూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని చలి వేసినట్టయింది. కిందటేడు కూడా పడిపోయే ముందు ఇలాగే చలేసిందని అతనికి గుర్తొచ్చింది. అరవై దాటిన మనిషి, వీపు మీంచి చెమట కారుతుంటే, ఆ బరువు సైకిలు తొక్కుకుంటూ పక్కకు వచ్చాడు. దిగమన్నట్టు హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

రోడ్డు పక్క రాళ్ళ లోడు లారీ ఒకటి ఆగి ఉంటే దాని నీడలో కూర్చోబెట్టాడు. తల మీద నీళ్ళు చిలకరించి, సీసా నోటికి అందించి, గుక్క గుక్కకూ ఆపి తాగించాడు. లారీ డ్రైవరు తన మజ్జిగలో ఉప్పు వేసి తెచ్చిచ్చాడు. కొంతసేపటికి రోడ్డు మీది తెల్లగీత అటూ ఇటూ ఊగడం మానేసి తిన్నగా కనపడింది. మద్దిలేటికి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. తన పేరు ఈ ఎత్తు మీదే కొట్టుకుపోయిందనుకున్నాడు.

అప్పుడు మాస్టారు ఖాకీ చొక్కా విప్పి, నూలు బనియను తీసి, రెండు చేతులా మెలిపెట్టి పిండాడు. నీళ్ళు ధారగా కారి దుమ్ములో పడ్డాయి. దాన్ని దులిపి భుజాన వేసుకుని, నీది కూడా పిండమని సైగ చేశాడు.

మద్దిలేటి విప్పి పిండాడు. ఎంత మెలిపెట్టినా ఒక్క చుక్క రాలలేదు. బనియను మీద ఉప్పు చారలు మాత్రం తెల్లగా మిగిలాయి.

“నా నీళ్ళు ఈడ పడినాయి,” అన్నాడు మాస్టారు, దుమ్ములో తడి చూపిస్తూ. “నీవి యాడికి పోయినాయి రా?”

మద్దిలేటి ఆ తడినీ, తన చేతిలోని ఉప్పు చారలనూ మార్చి మార్చి చూశాడు. వెనక్కి తిరిగి, తాము ఎక్కివచ్చిన దారిని కూడా చూశాడు. ఊరి పొలిమేర నుంచి ఇక్కడిదాకా దారి పొడవునా తన ఒంట్లోంచి నీరు పోతూనే ఉంది. పోతున్నంతసేపూ హాయిగా ఉంది. పెద్దాయన వీపు ఆయనకు నీళ్ళు తాగమని గుర్తు చేస్తూ వచ్చింది, తన వీపు ఏమీ చెప్పలేదు. కిందటేడు ఏం జరిగిందో కూడా ఇప్పుడు తెలిసింది. ఆ రోజు తడిసిన బనియను గంటలకొద్దీ చెబుతూనే ఉంటే, వినకుండా దాన్నే తిట్టుకున్నాడు. పందెం మొదలయ్యేచోట బరువని రెండో సీసా తీసేసి వెళ్ళిన సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పేశాడు. ఈసారి కూడా ఒక్క సీసాతోనే పోదామనుకున్నానని, ఆ బనియను మీద ఆశంతా అందుకేనని, తల వంచుకుని చెప్పాడు. చెప్పాక ఒళ్ళు తేలికైంది. మాస్టారు బనియను తొడుక్కుని, పైన ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

ఇంకొకడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. మద్దిలేటికి మాత్రం తెలుసుకోవాలన్న దురద ఇంకా తీరలేదు. పోయేదెలాగూ పోయింది, ప్రశ్నయినా మిగలకూడదనుకున్నాడు.

“అయితే సార్, ఇది చల్లగా పెడతాదా, పెట్టదా?”

మాస్టారు సైకిలు స్టాండు తీసి, వచ్చిన దారివైపు తిప్పుకున్నాడు.

“పందెంలో ఇదే తొడుక్కో. చల్లగానే పెడతాది,” అన్నాడు. “నీ నీళ్ళతోనే.”