సైజు సరిపోయిన నాటకం

బొబ్బర్లపేటలో సన్యాసిరావు కుటుంబానికి తెలివి ఎక్కువని మొట్టమొదట కనిపెట్టింది ఆ కుటుంబమే. ఊళ్ళో మిగతావాళ్ళు ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదంటే అది వాళ్ళ తెలివితక్కువతనమని సన్యాసిరావు అనేవాడు. ఇంట్లో ముగ్గురు. సన్యాసిరావు నాటకంలో రాజు వేషం కడతాడు. భార్య పారమ్మ తెర వెనక కూర్చుని మాటలు అందిస్తుంది. తమ్ముడు గౌరీశు మంత్రి, పైగా కంప్యూటర్ కోర్సు చేసినవాడు.

తండ్రి రాసిపెట్టి పోయిన ‘చిలకపురి తీర్పు’ అనే నాటకం ఒక్కటే వాళ్ళ ఆస్తి. గౌరీశు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించగానే, ఇంక కాగితాలెందుకని పారమ్మ వాటిని పకోడీల బండివాడికి ఇచ్చేసింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒకటే నియమం. ఫైల్లో ఉన్నది అక్షరం వదలకుండా చెప్పాలి, లేనిది ముక్క కూడా చెప్పకూడదు.

ఆ ఏడు పట్నంలో కళాసమితి వాళ్ళు నాటకాల పోటీ పెట్టారు. నాన్న రాసిన మాటలు పెద్ద స్టేజి మీద వినపడాలని సన్యాసిరావుకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. సమితి కార్యదర్శి వెంకటపతి గారు ఫోన్ చేసి, నాటకం ఫైలు పంపమనీ, అది వంద కిలోబైట్లు దాటకూడదనీ చెప్పారు.

కిలోలు అనేసరికి పారమ్మ ఉల్లిపాయల కొట్టు నుంచి కాటా తెచ్చింది. ఫైలున్న పెన్‌డ్రైవ్ పెట్టి తూచారు. ముల్లు కదల్లేదు. అంతే, వందకి ఇంకా బోలెడు చోటుందని ధైర్యంగా పంపేశారు. ఫైలు నూట ముప్ఫై ఉంది, తగ్గించి పంపండని అది తిరిగొచ్చింది. కాటాలో మోసం ఉందని సన్యాసిరావు కొట్టువాడితో పోట్లాడి వచ్చాడు.

అప్పుడు గౌరీశు తన చదువు బయటికి తీశాడు. ఫైళ్ళ సైజు సంగతి ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుందనీ, దాన్ని పిలిచి ఇంత సైజు కావాలంటే అంతకి తెచ్చి పెడుతుందనీ, ఆ పిలుపు పేరు ట్రంకేట్ అనీ చెప్పాడు. పిలవాలి అన్నాడో లేదో, సన్యాసిరావు కండువా సర్దుకుని కంప్యూటర్ ముందు నిలబడి రాజు గొంతుతో పిలిచాడు. అది పలకలేదు. మర్యాద చాల్లేదేమోనని పారమ్మ దానికి బొట్టు పెట్టి మరీ పిలిచింది. ఊహూఁ. పిలవడం అంటే ప్రోగ్రాం రాయడమని చెప్పి, గౌరీశు బొట్టు తుడిచి రెండు లైన్లు రాశాడు. ఒక దాంట్లో ఫైలు పేరు, ఒక దాంట్లో కావలసిన సైజు.

“ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో దానికెలా తెలుస్తుందిరా?” అన్నాడు సన్యాసిరావు.

“అంత పెద్ద సిస్టమ్‌కి ఆమాత్రం తెలీదా అన్నయ్యా?”

నిజమేలే అనుకున్నాడు సన్యాసిరావు. తన జన్మలో తెలివైన ప్రశ్న అడిగింది అదొక్కసారేననీ, అదీ పొరపాటున అడిగాననీ తరవాత రోజుల్లో తనే చెప్పుకుని నవ్వేవాడు.

పెన్‌డ్రైవ్‌లో నాటకం నకలు ఒకటి ఉండిపోయింది. తగ్గించమంటే రెండేసి ఉంచుకోవడం ఏం తెలివని పారమ్మ దాన్నీ చెరిపించింది. ఇంకేముంది, రెప్పపాటులో ఫైలు సరిగ్గా వందకి దిగింది. సమితివాళ్ళు తీసుకున్నారు. ఇంట్లో సేమ్యా పాయసం కాచుకున్నారు.

పాయసం తిన్నాక రిహార్సల్ మొదలుపెట్టారు. చివరి ఘట్టంలో రాజు మంత్రిని నిర్దోషి అని వదిలేస్తాడు. ‘ఈ మంత్రి తల నరికెయ్యండి అని నేను అనను’ అని మొదలుపెట్టి నాన్న ఆ తీర్పుని పేజీల కొద్దీ రాశాడు. పారమ్మ ‘నరికెయ్యండి’ దాకా అందించి ఊరుకుంది. తరవాతేమిటంటే, అంతే, ఇక్కడితో అయిపోయిందంది. సిస్టమ్ ఒక్క ముక్క చదవలేదు, కుదించలేదు. చెప్పిన కొలత దగ్గర గీత పెట్టి తోకంతా కోసేసింది.

గౌరీశు మెడ తడుముకున్నాడు. స్టేజి మీద కత్తి అట్టదే, కానీ నియమం నియమమే. సన్యాసిరావుకైతే నాన్న మొహం కళ్ళముందు ఆడింది. పారమ్మకి ఆ నాటకం మొదలు నుంచి చివరి దాకా నోటికొచ్చు. కానీ ఫైల్లో లేనిది చెప్పకూడదు కదా, ఆవిడ చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

తగ్గించిన చేత్తోనే పెంచమని అడుగుదామన్నాడు గౌరీశు. ఈసారి నూట ముప్ఫై అని పిలిచాడు. ఫైలు బుద్ధిగా నూట ముప్ఫైకి పెరిగింది. పెరిగిన చోట ఏం పెట్టిందని పారమ్మ అడిగితే గౌరీశు తన కోర్సు పుస్తకం చూసి, కొత్త చోటంతా సున్నాలతో నింపుతుందట అన్నాడు. సున్నాలంటే ఉత్తవే కదా, వాటి కింద నాన్న మాటలు క్షేమంగా ఉంటాయని ముగ్గురూ తేల్చుకున్నారు. సైజు సరిపోయాక మళ్ళీ తెరిచి చూడ్డం సిస్టమ్‌ని అనుమానించడమే అవుతుందని చూడలేదు కూడా.

పోటీ రోజు హాలు నిండింది. నాటకం బ్రహ్మాండంగా సాగి చివరి ఘట్టానికి వచ్చింది. నరికెయ్యండి అన్నాడు రాజు. తెర వెనక పారమ్మకి కంప్యూటర్‌లో ఖాళీ తప్ప ఏమీ కనపడలేదు. ఖాళీ అంటే సున్నాలని గుర్తొచ్చి, “సున్న” అని అందించింది. సన్యాసిరావు ఉలిక్కిపడ్డాడు, కానీ ఫైల్లో ఉందంటే చెప్పాల్సిందే. సున్న అన్నాడు. సున్న, సున్న అని కోపంగా అన్నాడు, జాలిగా అన్నాడు, మంత్రిని కౌగిలించుకుని అన్నాడు. నాన్న ఏ మాటకి ఏ భావం పెట్టాడో తెలీక, తనకొచ్చిన భావాలన్నీ ఖర్చుపెట్టేశాడు. జనం కుర్చీల్లోంచి జారి పడి నవ్వారు. సమితివాళ్ళే తెర దించాల్సి వచ్చింది.

వెంకటపతి గారు మంచివారు. తిట్టలేదు. మర్నాడు సాయంత్రం ముగింపు సభలో ఇంకో అవకాశం ఇస్తామని, ఒక్కటే షరతు పెట్టారు.

“ఫైల్లో ఒక్క సున్నా కూడా మిగలకూడదు.”

పొద్దున్నే ముగ్గురూ పనిలో దిగారు. సున్నాలు ఎక్కడెక్కడ నక్కాయో ఏరడం కష్టం. అసలు ఫైలు సైజే సున్నా చేస్తే వాటికి దాక్కోవడానికి చోటుండదన్నాడు గౌరీశు. పిలిచాడు. సున్నాలన్నీ పోయాయి. నాటకమూ పోయింది, అది ఎవరూ చూసుకోలేదు.

“ఇదిగో, ఇంకోటి మిగిలింది” అని పారమ్మ వేలు పెట్టి చూపించింది. నిజమే, సైజు దగ్గర సున్నా నిగనిగలాడుతోంది.

దాన్ని దింపాలని గౌరీశు మైనస్ ఒకటి అడిగాడు. ఇన్నాళ్ళూ కిమ్మనకుండా చేసిన సిస్టమ్ మొదటిసారి ఎదురు చెప్పింది. మనం ఇచ్చే అంకెని అది ఆర్గ్యుమెంట్ అంటుంది; నీ ఆర్గ్యుమెంట్ చెల్లదంది. ఆర్గ్యుమెంట్ అంటే వాదన అని గౌరీశు అర్థం చెప్పడమే తరువాయి, పారమ్మ కొంగు బిగించి భోజనాల వేళ దాకా దానితో వాదించింది. చివరికి సన్యాసిరావుకి బుర్ర వెలిగింది. ఒకటి అని అడిగి చూడరా, ఒకటిలో సున్నా లేదు కదా అన్నాడు. అంతే, సైజు ఒకటైంది. పైకి సున్నా మాయమైంది. ఆ ఒకటి నింపడానికి సిస్టమ్ లోపల ఏం పెట్టి ఉంటుందో ముగ్గురిలో ఒక్కరూ ఆలోచించలేదు.

సాయంత్రం తెర లేచింది. పారమ్మ కంప్యూటర్‌లోకి చూసింది. సైజు ఒకటి. ఉన్న ఒక్క చోటూ ఖాళీ. అందించాల్సింది అందించింది. సన్యాసిరావు కిరీటం సర్దుకుని స్టేజి మధ్యకి వచ్చాడు, నాన్నని తలుచుకున్నాడు, చెయ్యెత్తి, హాలు చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా, “సున్న” అన్నాడు.

తెర పడింది.

వెంకటపతి గారు రొప్పుకుంటూ లోపలికి వచ్చారు. సన్యాసిరావు చెమట తుడుచుకుంటూ, “నిడివి ఏమైనా ఎక్కువైందాండీ?” అని వినయంగా అడిగాడు.