కళ్ళు తెరవని సైన్యం

మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టి ఉక్కగా ఉంది. గుండ్లకోట దొర తన కొత్త చిత్తరువు చూపించడానికి వియ్యంకుణ్ణి పిలిపించుకున్నాడు. యుద్ధంలో తాను ముందు, సైనికులు తన వెనక ఉన్నట్టు రాయమన్నది దొరే. ఆ యుద్ధం ఓడి తిరిగొచ్చిన పన్నెండుమందినీ, పారిపోయారని చెప్పి చెరలో వేయించిందీ ఆయనే. తెల్లవారితే వాళ్ళకి ఉరి. అందులో ఒకడు లింగయ్య, చిత్తరువు రాసిన ఈరమ్మ కొడుకు.

తెర తీశారు. గుర్రం మీద దొర కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. వెనక పన్నెండుమందికీ కళ్ళు మూసే ఉన్నాయి.

"ఏం బావగారూ, మీ వాళ్ళు నడుస్తూ నిద్రపోతారా?" అన్నాడు వియ్యంకుడు.

దొర ఈరమ్మ వైపు ఉరిమి చూశాడు. ఆవిడ రంగంటిన చేతుల్ని కొంగుతో తుడుచుకుంది.

"పోయినవాళ్ళ బొమ్మలకి కళ్ళు తెరిచి రాయకపోవడం మా ఇంటి ఆనవాయితీ దొరా. వీళ్ళకి రేపు ఉరి కదా, పారిపోయారని."

వియ్యంకుడు బొమ్మనే చూస్తూ అన్నాడు. "పారిపోయేవాళ్ళు మీ వెనకే వస్తున్నారే. మరి మీ గుర్రం ఎటు పోతున్నట్టు బావగారూ?"

దొర ముఖం నల్లబడింది. "ఉరీ లేదు, గిరీ లేదు. బొమ్మల కళ్ళు తెరువు."

"మనిషి ఎదురుగా కూర్చుంటేనే కళ్ళు కుదురుతాయి దొరా. వాళ్ళని ఇంటికి పంపించండి."

సాయంత్రం చెర నుంచి విడిచినవాళ్ళు వానలో తడుస్తూ వచ్చారు. ఈరమ్మ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. లింగయ్యతో కలిపి పదకొండు.

"సోమన్న చెరలోనే పోయాడమ్మా, దెబ్బలకి," అన్నాడు లింగయ్య, మెల్లగా.

సోమన్న తల్లి ఎదురింటి అరుగు మీంచి వీధి చివరకే చూస్తోంది. "ఎంతమందొచ్చారు ఈరమ్మా?" అంది.

ఈరమ్మ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది.