అబద్ధమాడని గాలిపటం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త మొగుడు చింతాడ కూర్మయ్య. ఆయన చెబితే ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యేది కాదు. ఇప్పటివాళ్ళు సగం మింగేసి సగం చెబుతున్నారు. అందుకని నేను చెప్పినట్టు వినండి.

గాలివలసలో గాలిపటాలు కట్టే అన్నదమ్ములు ముగ్గురుండేవారు. పెద్దవాడు బంగారప్పడు, నడిపివాడు నూకరాజు, చిన్నవాడు జోగులు. తెలివంటే తమదేనని వాళ్ళకి మహా గర్వం. తమ చూరు మీద చిలక వాలినా నాలుగు ముక్కలు నేర్చుకునే ఎగురుతుందని చెప్పుకునేవారు. వాళ్ళమ్మ పోలమ్మకి ఇంకా బెంగ. కొడుకుల తెలివి ఎండకి ఎక్కడ ఆవిరైపోతుందోనని, గడప దాటితే చాలు, తలలకి తడిగుడ్డలు చుట్టి పంపేది.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. వాళ్ళ నాన్న పోతూ పోతూ, మన చేతి పటం అబద్ధమాడకూడదురా అన్నాడు. నాసి పటం కట్టి మేలిరకమని అమ్మొద్దని ఆయన భావం. వీళ్ళు మాటని మాటలాగే పట్టుకున్నారు. చేప బొమ్మ పటం ఎగరేసిన రోజు ఇంట్లో చేపల పులుసు ఉడకాల్సిందే. ఒకసారి పులి బొమ్మ వేసి ఎగరేశారు. ఊరంతా వెతికినా పులి లేదు. అంతే, నూకరాజుకి ఒళ్ళంతా పసుపు రాసి, మసితో చారలు గీసి, పటం దిగేదాకా గాండ్రించమన్నారు. వాడు గాండ్రించాడు. పటం నిజమైంది. అందరూ హాయిగా అన్నాలు తిన్నారు.

ఆ సంస్థానం రాజుగారికి మూడు దళాలు. కొండ మీద విలుకాళ్ళు, ఏట్లో పడవలవాళ్ళు, మైదానంలో గుర్రాలవాళ్ళు. ఒకరి కబురు ఒకరికి అందేది కాదు. కిందటేడు ఊళ్ళన్నిటి వడ్లూ దాచిన కొట్టు మీద, మొహాలకి మసి పూసుకుని దొంగలు పడ్డారు. గుర్రాలవాళ్ళు వస్తే, వాళ్ళే దొంగలనుకుని కొండ మీదవాళ్ళు బాణాలేశారు. పడవలవాళ్ళకి కబురందేసరికి దొంగలు ఆ వడ్లు దంచుకుని, వండుకుని, తిని, చేతులు కూడా కడిగేసుకున్నారు. జనం ఏడాదంతా గంజి తాగి బతికారు. ఈసారి కొట్టు పోతే ఆ గంజికీ దిక్కులేదు.

దళవాయి జగ్గరాజుకి ఒక ఉపాయం తట్టింది. నేల మీద కబురు నడిస్తే ఆలస్యం, ఆకాశంలో నడిపిద్దాం అనుకున్నాడు. వడ్లకొట్టు దిబ్బ మీద నుంచి పెద్ద పటం ఎగరేస్తే కొండకీ, ఏటికీ, మైదానానికీ ఒక్కసారే కనబడుతుంది. అన్నదమ్ముల్ని పిలిపించి రెండు పటాలు కట్టమన్నాడు. ఎర్రది ఎగిరితే దొంగలొచ్చారని. పచ్చది ఎగిరితే భోజనం సిద్ధమని. ఆ రెండోది లేకపోతే మూడు దళాలూ ఒప్పుకోలేదు లెండి.

దళవాయి మూడు దళాలకీ గట్టిగా చెప్పాడు. ఎర్ర పటం ఎక్కడ కనిపిస్తే ముగ్గురూ కలిసి అక్కడ పడాలి. మసి మొహం కనిపిస్తే బాదాలి. గింజ కూడా దొంగల చేతికి చిక్కకూడదు.

తాటాకు చాపంత పటాలు రెండు కట్టారు. పగ్గం లాంటి తాడు పేనారు. ఎర్రదాన్ని ఊరికే ఎగురుతుందో లేదో చూద్దామని బంగారప్పడు వదిలాడు. అది ఝామ్మని లేచింది. ఇంకేముంది, గుర్రాలు దౌడు తీశాయి, పడవలు ఒడ్డుకి గుద్దుకున్నాయి, విలుకాళ్ళు కొండ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చారు.

దొంగలేరీ?

అన్నదమ్ములకి చెమటలు పట్టాయి. నాన్న మాట పోతుందే. అంతే, ముగ్గురూ గబగబా మొహాలకి మసి పూసుకుని, కొట్లోంచి ఒక బస్తా ఎత్తుకుని పరిగెత్తారు. మూడు దళాలూ కలిసి వాళ్ళని దిబ్బ చుట్టూ తిప్పి తిప్పి కొట్టాయి. జోగులికి మూతి వాచింది. అయినా వాచిన మూతితోనే, పటం మాట నిలబడింది కదన్నా అని మురిసిపోయాడు.

మర్నాడు నూకరాజుకి ఇంకో దిగులు. ఎర్రది పనిచేస్తుందని తేలింది, పచ్చదాని సంగతేమిటి? దానికి అన్యాయం చెయ్యకూడదు. పచ్చదీ వదిలారు. ఈసారి దళాలు నిన్నటికంటే తొందరగా వచ్చాయి. విస్తళ్ళు కూడా కోసుకొచ్చి, బారులు తీరి కూర్చున్నాయి.

పొయ్యి మీద చెంబు నీళ్ళు కూడా లేవు. పటమేమో పైన, భోజనం సిద్ధం భోజనం సిద్ధం అని ఊగుతోంది. ఏం చేస్తారు పాపం. కొట్టు తలుపులు తీశారు. సైనికుల చేతే వడ్లు దంచించారు. గంగాళాలు ఎక్కించారు. దించిన గంగాళం దించినట్టే ఖాళీ. పటం ఎగిరినంతసేపూ వడ్డించాలి, గాలి చూస్తే ఆగదు. అది ఆగేసరికి కొట్లో ఊకా, రెండు ఎలకలూ మిగిలాయి. ఎలకలు కూడా కోపంగా చూశాయట. సైన్యం పొట్టలు మోసుకుంటూ ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళి గుర్రు పెట్టింది.

సరిగ్గా అప్పుడు నిజం దొంగలు దిగారు. మసి మొహాలు, వెనక ఖాళీ బళ్ళు. అన్నదమ్ములకి పండగైపోయింది. ఇన్నాళ్ళకి శ్రమ లేకుండా నిజం దొరికిందని ఎర్ర పటం వదిలారు.

దొంగల నాయకుడు కొట్లోకి తొంగి చూసి, "వడ్లేవిరా?" అన్నాడు.

"ఇప్పుడే వండేశాం బాబూ. ఓ గడియ ముందొచ్చుంటే విస్తరేసేవాళ్ళం," అన్నాడు బంగారప్పడు.

నాయకుడు ఉసూరుమని బళ్ళు వెనక్కి తిప్పించాడు. జోగులు లబలబలాడాడు. దొంగలు వెళ్ళిపోతే పైనున్న పటం అబద్ధమైపోదూ! ముగ్గురూ దొంగల కాళ్ళు పట్టుకున్నారు. సైన్యం వచ్చేదాకా ఉండండి బాబూ అని బతిమాలారు. ఆ మాటకి దొంగలు ఇంకా తొందరపడ్డారు. చివరికి బంగారప్పడు, కోటలో రాజుగారి విత్తనం వడ్లున్నాయి, అవి చూపిస్తాం రండి అన్నాడు. ఆ విత్తనం వడ్లే జనానికి మిగిలిన ఆఖరి ఆశ. అవి పోతే వచ్చే ఏడు నాటడానికి కూడా గింజ ఉండదు.

పటం తాడు పట్టుకుని అన్నదమ్ములు ముందు, దొంగలు వెనక. పటం ఎగరేసేవాళ్ళు పైకి చూస్తారు గాని వెనక్కి చూడరు కదా. దొంగల నాయకుడికి దారిలో అనుమానం వచ్చింది. ఇంత వెర్రివాళ్ళు లోకంలో ఉండరు, ఇదేదో పన్నాగం అనుకున్నాడు. ఏటి దగ్గర ఆగి అందరి చేతా మొహాలు కడిగించాడు. మంచివాళ్ళలా కోట ముందు బాటనే ఇళ్ళకి పోదామని బళ్ళు తోలించాడు. అన్నదమ్ములు పైకి చూసుకుంటూ కోట చేరి, తాడు తలుపు గడియకి కట్టేశారు.

ఇంకేముంది. కోట మీద ఎర్ర పటం! నిద్ర లేచిన మూడు దళాలూ చూశాయి. ఆ సంస్థానం పుట్టాక మొదటిసారి గుర్రాలూ పడవలూ విల్లులూ ఒక్క క్షణం తేడా లేకుండా ఒక్కచోట కలిశాయి. కలిసి సొంత రాజుగారి కోట తలుపు బద్దలు కొట్టాయి. లోపల మసి మొహాలున్నది వంటవాళ్ళకి. వాళ్ళని బాదారు. మధ్యలో ఆపబోయిన రాజుగారు వాళ్ళ మీద పడి, ఆయన మొహానికీ మసంటింది. ఆయన్నీ వదల్లేదు.

దళవాయి మాత్రం గింజ మీదే ధ్యాసగా ఉన్నాడు. విత్తనం బస్తాలన్నీ బయటికి మోయించాడు. కోటలో దొంగలు దూరాక అక్కడ ఎలా ఉంచుతాడు? బయట చూస్తే వరసగా బళ్ళు, పక్కన తళతళలాడే మొహాలతో మనుషులు. కోట దగ్గర గోలేమిటా అని చూస్తున్నారు.

"సమయానికి దేవుళ్ళలా వచ్చారయ్యా. ఈ వడ్లు దొంగలకి అందనంత దూరం తీసుకుపోవాలి," అన్నాడు దళవాయి.

నాయకుడు చేతులు కట్టుకుని, "ఎంత దూరమైనా పోతాం బాబూ," అన్నాడు.

సైన్యమే బస్తాలు ఎక్కించింది. జోగులు బళ్ళవాళ్ళ వంక తేరిపార చూసి, "అన్నా, వీళ్ళు మన దొంగలే కదూ?" అన్నాడు. దళవాయికి చెబుదామా అని నూకరాజు అడిగాడు.

బంగారప్పడికి ఒళ్ళు మండింది. "దొంగలున్నారని పటం పైనుంచి చెబుతూనే ఉంది కదరా. మళ్ళీ మనం నోటితో చెబితే పటానికి ఎంత అవమానం!"

తమ్ముళ్ళిద్దరూ సిగ్గుపడ్డారు. బళ్ళు కోట ముందు ఎత్తు ఎక్కలేక ఆగిపోయాయి. ముగ్గురూ వెళ్ళి, తలల మీద తడిగుడ్డలు సర్దుకుని, వెనక నుంచి తోశారు.

ఇదీ జరిగింది. మొన్న జాతరలో గవిరినాయుడి అల్లుడు ఈ కథ చెబుతూ, దొంగలు కత్తులు దూసి వడ్లు లాక్కుపోయారన్నాడు. శుద్ధ తప్పు. ఎక్కించింది సైన్యం, తోసింది అన్నదమ్ములు. దొంగలు ఒక్క బస్తా కూడా ముట్టుకోలేదు. మీలో ఎవరైనా అటు వెళితే అతనికి ఆ ముక్క చెప్పి సరిదిద్దించండి. నాకూ ఆ ఇంటికీ మాటల్లేవు.