అచ్చాయమ్మ చెవికి వామింటాకు

అది పంతొమ్మిది వందల అరవై ఆరు, శ్రావణ మాసం. వానలు పడి దొడ్డి గోడల వారన పిచ్చిమొక్కలు మోకాలెత్తు లేచాయి.

చింతలోవలో అచ్చాయమ్మకు ఇద్దరు కొడుకులు, గవర్రాజు, నూకరాజు. ఊళ్ళో తమంత తెలివైనవాళ్ళు లేరని వాళ్ళ నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం పోకుండా చేసేవాళ్ళు.

“చెప్పింది చెప్పినట్టు చేసేవాడికి తప్పెలా వస్తుందిరా తమ్ముడూ?” అనేవాడు గవర్రాజు.

“రాదన్నయ్యా,” అనేవాడు నూకరాజు.

ఆ చెప్పేది అచ్చాయమ్మ. పొద్దున్నే ఆవిడ చెప్పకపోతే అన్నం తినాలన్న సంగతి కూడా వాళ్ళకు తోచదు.

అలాంటి అచ్చాయమ్మకు ఎడమ చెవి బూరెలా వాచింది. కుడి చెవి చిన్నతనంలోనే పోయింది. “ఒరేయ్ పెద్దోడా, ఉన్నది ఈ ఒక్క చెవే. ఇదీ పోతే మీరేం అడుగుతున్నారో నాకెలా తెలుస్తుంది, నేనేం చెబుతాను? పైడమ్మ దగ్గరికెళ్ళి మందు కనుక్కురా,” అంది.

గవర్రాజు గాభరాగా లేచాడు. ఒక్క పరుగున కాలవ దాటాడు.

ఆకుమందుల పైడమ్మ కాలు బెణికి మంచం మీద ఉంది. “వామింటాకు నూరి చెవి వెనక పట్టు వెయ్యండి. మీ దొడ్డి గోడ వారనే ఉంది. పక్కనే కుక్కవామింట కూడా ఉంటుంది, రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, జాగ్రత్త. తెల్లపువ్వు పూసేది వామింట. పచ్చపువ్వు పూసేది కుక్కవామింట. కుక్కవామింట జోలికి మాత్రం పోకండి,” అంది.

అన్నదమ్ములు గోడ దగ్గరికి వెళ్ళారు. నిజమే, రెండు మొక్కలున్నాయి. ఒకటి తెల్లగా పూసింది, ఒకటి పచ్చగా పూసింది.

“వీటిలో కుక్కది ఏదిరా?” అన్నాడు గవర్రాజు.

“కుక్కనే అడుగుదాం. దాని సొత్తు దానికి తెలియదా?”

పెంపుడు కుక్క నల్లోణ్ణి తీసుకొచ్చారు. అది రెండు మొక్కలూ వాసన చూసి, తెల్లపువ్వుల మొక్క మీద కాలెత్తింది.

“సంతకం పెట్టేసింది అన్నయ్యా.”

అంతే. తెల్లపువ్వుల మొక్కను వేళ్ళతో సహా పీకి మర్యాదగా నల్లోడి ముందు పెట్టారు. అది దాని మీద పడుకుని నలిపి పారేసింది. ఇక మిగిలింది ఒక్కటే మొక్క.

“ఇదే వామింట. కానీ పచ్చగా ఉందేమిటి?” అన్నాడు నూకరాజు.

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. “పైడమ్మ పిన్ని ఏమంది? తెల్లపువ్వు పూసేది అంది. ఎవరు పూసేది? అమ్మ మనది, చెవి మన అమ్మది. మనమే పూసేది.”

ఇంకేముంది. సున్నం కలిపారు, కుంచె పట్టారు. ఒక్క పువ్వు వదలకుండా రెండు పూతలు పూశారు. గోడకు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వెయ్యలేదు.

గవర్రాజు మళ్ళీ పైడమ్మ దగ్గరికి పోయాడు. “పిన్నీ, తెల్లపువ్వు పూసేశాం.”

“పూసింది అనాలి నాయనా. సరే, ఆకు చూశావా? వామింటకైతే ఐదాకులుంటాయి, కుక్కవామింటకు మూడే.”

వచ్చి లెక్కపెట్టారు. నూట నలభై రెండు దగ్గర నూకరాజు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

“ఐదే ఉండాలి కదా, ఇన్ని ఎందుకున్నాయి?”

“మనింట్లో చుట్టాలు లేరా? అలాగే ఇవీ. పంపించెయ్యి,” అన్నాడు గవర్రాజు.

అంతే. ఐదు ఉంచి మిగతావన్నీ దూసేశారు. దూసిన ఆకు గేదె ముందు వేస్తే అది మొహం తిప్పేసుకుంది.

“చూశావా, గేదె కూడా ఇవి కావంటోంది,” అన్నాడు నూకరాజు.

ఈలోగా అచ్చాయమ్మ మూలుగు ఎక్కువైంది. గవర్రాజు అరిచి మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతోంది. రేపు పొద్దున మాకెవరు చెబుతారు అనుకుంటూ అతను పరుగు తీశాడు. మూడోసారి కాలవ దాటాడు.

“పిన్నీ, ఐదాకులే ఉన్నాయి. అయినా నాకు భయంగా ఉంది.”

పైడమ్మ విసిగిపోయింది. “మీరేం కొయ్యొద్దు నాయనా. గోడ వారన ఎలా ఉన్నదాన్ని అలాగే నా మంచం దగ్గరికి పట్టుకురండి. నేను చూసి చెబుతాను.”

“ఎలా ఉన్నదాన్ని అలాగేనా?”

“అలాగే.”

ఇంకేముంది. మొక్క గోడ వారన ఉంది. గోడ లేకుండా తెస్తే అలాగే తెచ్చినట్టెలా అవుతుంది? గునపాలు తీసుకుని గోడ కూల్చారు. మట్టిపెళ్ళలు బండికెత్తారు.

“అన్నయ్యా, సందులోంచి గేదె వెళ్ళిపోతోంది.”

“గేదె సంగతి పిన్ని ఏమీ చెప్పలేదు కదా.”

కునుకు తీస్తున్న పైడమ్మ కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన నడుమెత్తు గోడ లేచింది. దాని వారన ఐదాకుల మొక్క, పువ్వుల నిండా సున్నం.

“ఏమిట్రా ఇది?”

“వామింట పిన్నీ. తెల్లపువ్వు, ఐదాకులు, గోడ వార,” అన్నాడు గవర్రాజు, వేళ్ళు మడుస్తూ.

పైడమ్మ ఒక పువ్వు తుంపి గోటితో గీకింది. “సున్నం కొట్టుకొచ్చి తెల్లపువ్వంటారా? చెవిలో పువ్వు పెడదామని వచ్చారా?”

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతసేపూ ఆకు అంటూ తిప్పి, అసలు మందు ఇప్పుడా చెప్పడం?

“నీ చెవిలో కాదు పిన్నీ, అమ్మ చెవిలో,” అన్నాడు గవర్రాజు.

“ఎవరి చెవిలో పెడితే నాకేం. ముందు ఈ గోడ తియ్యండి.”

చెప్పింది చెప్పినట్టు చేశారు. ముందు గోడ తీశారు. తరువాత ఇంటికెళ్ళి, సున్నం బాగా పట్టిన పువ్వొకటి ఎంచి, అచ్చాయమ్మ ఎడమ చెవిలో లోపలికంటా పెట్టారు. ఆవిడ చేతులు విదిలించింది. ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున అన్నదమ్ములు అరుగు మీద కూర్చుని, “ఇవాళ ఏం చెయ్యాలమ్మా?” అని అడిగారు. ఆవిడ పలకలేదు. “నొప్పి తగ్గి హాయిగా ఉందిరా, కదిలించకు,” అన్నాడు గవర్రాజు. మధ్యాహ్నం దాకా అడిగారు. అన్నం తినలేదు.

అచ్చాయమ్మకు ఆ తరువాత ఏ చెవీ వినపడలేదు.