ఆనవాలిల్లు

మా తాతల తాతకి మీసం మొలవని రోజుల మాట. సముద్రానికి రెండు కోసుల దూరంలో ఒక ఊరు. ఆ ఊరి మొదట్లో ఒక చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, కిందికి దిగిన తాటాకు కప్పు. గోడకి ఎర్రమట్టి పూత, దాని మీద మూడు సున్నపు పట్టెలు. అందులో అసిరమ్మ, ఆమె మొగుడు పోలయ్య, ఒక జత ఎడ్లు.

పోలయ్య సేద్యంలో గట్టివాడే. దారులే గుర్తుండవు. సంతకెళ్ళి తిరిగొస్తూ పక్కూళ్ళో ఎవరింట్లోనో దూరిపోయి, "అసిరీ, కాళ్ళకి నీళ్ళు తే!" అని కేకేసేవాడు. అదేం మనిషో! ఊరంతా పడీపడీ నవ్వేది. అసిరమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడు లేదు. మూడో ఏడూ లేదు. ఎడ్లు కూడా పోయాయి. ఆ రోజుల్లో కూలి కోసం సముద్రం దాటి రంగం పోయేవారు, అదే, రంగూను. పోలయ్యా మూట కట్టాడు.

అసిరమ్మ లబోదిబోమంది. "సంత నుంచే ఇంటికి రానేవు. రంగం నుంచి ఎలగొత్తావయ్యా?"

"నువ్వు ఇల్లు మార్సకే. ఎర్రగోడ, మూడు పట్టెలు. అది సూసుకుని వచ్చేత్తాను."

ఆ మాటే పట్టుకుని కూర్చుంది పిచ్చితల్లి. ఏటేటా వానలకి ముందు తాటాకు మార్చేది, గోడ మెత్తేది, మూడు పట్టెలు దిద్దేది.

తర్వాత వానలు పడ్డాయి. పంటలు పండాయి. ఊళ్ళో ఒక్కొక్కటిగా పెంకుటిళ్ళు లేచాయి. పోలయ్య తమ్ముడు తవిటయ్య పక్కనే పెద్ద ఇల్లు కట్టాడు.

"వదినా, ఈ పాత కొంప పీకేద్దాం. నీకూ పెంకుటిల్లు ఏయిత్తాను," అన్నాడు.

"మీ అన్న ఆనవాలు పట్టనేడు తవిటయ్యా," అంది.

జుట్టు నెరిశాక మళ్ళీ అడిగాడు. అదే జవాబు. నడుం వంగాక మూడోసారి అడిగాడు. అదే జవాబు.

ఒక సాయంత్రం గడ్డం పెరిగిన మనిషొకడు ఇంటిముందు ఆగాడు. అసిరమ్మ చేతిలో చేట పడేసి పరిగెత్తింది. పోలయ్య కాదు. పైవీధి మనిషి, రంగం నుంచి ఇన్నేళ్ళకి వచ్చాడు.

"అన్నీ పెంకుటిళ్ళే పిన్నీ. నీ ఇల్లు సూసి మనూరే అనుకున్నాను."

నీళ్ళిచ్చింది. వాళ్ళిల్లు ఎటో చూపించింది. "మా ఆయన కనిపించాడా బాబూ?"

"నేదు పిన్నీ."

తర్వాత ఇంకొకడు వచ్చాడు. ఆ తర్వాత మరొకడు. అదే ప్రశ్న, అదే జవాబు. వాళ్ళంతా ఇళ్ళు చేరారు. అసిరమ్మ మాత్రం ప్రతిసారీ గుమ్మం పట్టుకుని కరువుతీరా ఏడ్చేది.

ఒకనాడు ఆ గుమ్మంలోనే కన్నుమూసింది.

దినాలు అయ్యాక తవిటయ్య నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. ఇంక అడ్డెవరు? రెండు చేతులా తాటాకు పీకడం మొదలెట్టాడు. అప్పుడు అతని కూతురు బంగారి, చంటిబిడ్డని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. దాని మొగుడు ఇల్లరికపు అల్లుడు. పోయిన ఏడే రంగం వెళ్ళాడు.

"అయ్యా, పీకేత్తున్నావా? మరాయన ఏది సూసుకుని వత్తాడు?"

తవిటయ్య చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. కప్పు మీదే కూలబడి, "వదినా, నీ బాధ నాకు తెలీనేదే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పీకిన ఆకంతా తన చేత్తోనే మళ్ళీ కప్పి, అప్పుడు దిగాడు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఏరువాక ముందు ఇంటికొక తాటాకు మోపు ఇస్తారు. ఆడవాళ్ళు గోడ మెత్తి మూడు పట్టెలు దిద్దుతారు. ఊరు విడిచి ఎంత దూరం వెళ్ళేవాళ్ళయినా ఆ గోడ మీద చెయ్యేసి, "వత్తాను, ఉండు" అని చెప్పి మరీ కదులుతారు.

పని అయ్యాక అందరూ సముద్రం వైపు తిరిగి మూడుసార్లు కేకేస్తారు. "పోలయ్యా, ఇదే మీ ఇల్లు!"

పోయినవాడు వింటాడా అని నన్నడక్కండి. పిలవకపోతే ఎలా మరి? పాపం, అతగాడికి దారులు గుర్తుండవు కదా.